అడవి పందుల నివారణ: బరువు బ్యారెల్ రైఫిలా, మామూలు బ్యారెల్ రైఫిలా?

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశకు, వేరుశనగ కాయ గట్టిపడే దశకు వచ్చిందంటే మా ఆఫీసుకు వచ్చే ఫోన్లు చాలావరకు అడవి పందుల గురించే. ఒక్క రాత్రిలో అర ఎకరం దున్నిపోసి వెళ్తాయి. అవి తిన్నదాని కన్నా తొక్కి పాడుచేసిందే ఎక్కువ. ఈ మధ్య లైసెన్సు ఉన్న ఇద్దరు రైతులు వేరే ప్రశ్న వేశారు. "సార్, రైఫిల్ మారుద్దామనుకుంటున్నాం, లావు గొట్టం ఉన్నది తీసుకోమంటారా, మామూలుదా?" అని. ఇది ఎరువు మోతాదు లాంటి ప్రశ్న కాదు. తప్పు తుపాకీ చేతిలో ఉంటే పంది గాయపడి తప్పించుకుంటుంది, లేదా గుండు పక్క చేలో మనిషికి తగులుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దేశంలో వేట నిషేధం. 2022లో చేసిన సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు నష్టం చేస్తోందని మనంతట మనం కాల్చడానికి వీల్లేదు. చట్టంలోని 11వ సెక్షను కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు చూపుతూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. నోటిమాట అనుమతి చెల్లదు. బీట్ ఆఫీసర్ "కానివ్వండి" అన్నాడని తుపాకీ ఎత్తితే రేపు కేసు మీ మీదే పడుతుంది. అనుమతితో కాల్చిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే. మాంసం పంచుకోవడం, అమ్మడం నేరం.

తుపాకీ లైసెన్సు వేరే సంగతి. ఆయుధాల చట్టం, 1959లోని 13వ సెక్షనులో పంట రక్షణ కోసం అని పేరుపెట్టి చెప్పింది మూతి నుంచి మందు కూరే తుపాకీని. రక్షణకు, క్రీడకు అని చెప్పింది కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకీని. రైఫిల్ కావాలంటే తగిన కారణం ఉందని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కలగాలి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. కాబట్టి కింద రాసేది లైసెన్సు, అనుమతి రెండూ ఉన్నవారికి, అటవీ శాఖ జాబితాలోని షూటర్లకు, వాళ్లను పిలిపించుకునే రైతులకు మాత్రమే.

గొట్టం లావైతే ఏమవుతుంది?

మామూలు వేట రైఫిల్ గొట్టం మూతి దగ్గర సుమారు 14 నుంచి 16 మి.మీ. లావు ఉంటుంది. బరువు బ్యారెల్ అనేది 20 నుంచి 23 మి.మీ. దాకా ఉంటుంది. తేడా చూడటానికి ఆరేడు మిల్లీమీటర్లే. పని మాత్రం చాలా మారుతుంది. 8 మి.మీ. రంధ్రం ఉన్న గొట్టాన్ని 16 మి.మీ. నుంచి 22 మి.మీ.కి లావు చేస్తే వంగకుండా నిలిచే బలం మూడున్నర రెట్లు దాటుతుంది. అదే లెక్కన ఇనుము బరువు రెండు రెట్లు దాటుతుంది. సన్న చువ్వను, గడ్డపారను ఒకే రాయి మీద కొట్టి చూడండి. చువ్వ చేతిలో జిలజిలలాడుతుంది, గడ్డపార అంతగా కదలదు. గుండు బయటికి వెళ్లేటప్పుడు గొట్టం కూడా అలాగే అదురుతుంది. లావు గొట్టంలో ఆ అదురు తక్కువ.

రెండో లాభం వేడి. వరసగా నాలుగైదు గుండ్లు పేలిస్తే సన్న గొట్టం చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. కాగిన గొట్టం నుంచి గుండు గురి పెట్టిన చోటు నుంచి పక్కకు జరిగే అవకాశం ఉంది. లావు గొట్టంలో ఇనుము ఎక్కువ కాబట్టి నెమ్మదిగా వేడెక్కుతుంది. మూడోది, మూతి వైపు బరువు ఉంటే దేనికైనా ఆనించి కాల్చేటప్పుడు రైఫిల్ నిలకడగా ఉంటుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. లావు గొట్టం ఉంటే గుండు వేగంగా పోతుందని, దెబ్బ గట్టిగా తగులుతుందని అనుకుంటారు. అది నిజం కాదు. వేగం గొట్టం పొడవును, తూటాను బట్టి ఉంటుంది. లావుతో దానికి సంబంధం లేదు. లావు గొట్టమైతే గురి తప్పదన్నది కూడా సగం నిజమే. మంచి మామూలు గొట్టం కొట్టే మొదటి గుండు, మంచి బరువు గొట్టం కొట్టే మొదటి గుండు వంద మీటర్లలో పందికి తెలిసేంత తేడాగా పడవు. తేడా కనిపించేది పదో గుండుకు.

మరి బరువు బ్యారెల్ ఎవరి కోసం? అమెరికాలో పచ్చిక మైదానాల్లో పొలాలు తవ్వే చిన్న జంతువులను ఒకేచోట కూర్చుని, దూరం నుంచి, రోజంతా కాలుస్తారు. అలాంటి వారికి, రేంజిలో గురి పోటీలకు వెళ్లేవారికి అది పనిముట్టు.

మన చేలల్లో ఏది పనికొస్తుంది?

మన దగ్గర పందిని కాల్చే సందర్భం ఎలా ఉంటుందో ఒకసారి గుర్తుచేసుకోండి. తెల్లవారుజామునో, పొద్దుగూకేటప్పుడో. మొక్కజొన్న, చెరకు, పసుపు లాంటి చేను. దూరం ముప్పై నుంచి డెబ్భై మీటర్లు. పంది ఆగి నిలబడేది కొన్ని సెకన్లు. ఒక గుండు, మహా అయితే రెండు. మూడోది పేల్చే సమయానికి మంద కంచె దాటేసి ఉంటుంది. అంటే మనకు కావలసింది చల్లని గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండు సరిగ్గా పడటం, రైఫిల్ భుజానికి త్వరగా రావడం. ఈ రెంటికీ మామూలు బ్యారెలే చాలు.

కొన్నేళ్ల కిందట మా మండలంలో అనుమతి మీద ఒక షూటరు వచ్చాడు. పోటీలకు వాడే బరువు బ్యారెల్ రైఫిల్, పైన పెద్ద టెలిస్కోపు, ముందు రెండు కాళ్ల స్టాండు. అన్నీ కలిపి ఆరు కిలోల పైనే. వాన పడి బురదగా ఉన్న గట్ల మీద దాన్ని మోసుకుంటూ రెండు కిలోమీటర్లు నడిచాడు. పందులు ముప్పై మీటర్లలో దారి దాటాయి. టెలిస్కోపులో వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించలేదట. బరువైన మూతిని తిప్పి గురి పెట్టేలోపు ఒకదాని వెనక భాగంలో గుండు తగిలింది. అది చెరకు తోటలోకి దూరింది. మరునాడు ఆ తోటలో కలుపు తియ్యడానికి పన్నెండు మంది ఆడవాళ్లు రావాల్సి ఉంది. గాయపడిన మగ పంది కోరలతో తొడ చీల్చగలదు. పని ఆపించి, అటవీ సిబ్బందితో కలిసి మధ్యాహ్నం దాకా వెతికితే గానీ అది దొరకలేదు. కూలి డబ్బులు ఆ రైతు ఊరకే కట్టుకున్నాడు. షూటరు గురికాడే, రైఫిల్ ఖరీదైనదే. ఆ చేనుకు అది తగిన పనిముట్టు కాదు, అంతే.

అయితే ఒక చోట బరువు బ్యారెల్‌ను నేను కాదనను. చెరువు కింద కోత కోసిన మాగాణి, చుట్టూ వంద మీటర్లకు పైగా ఖాళీ, గట్టి మంచె ఉంది, మంచె దాకా బండి వెళ్తుంది, షూటరు కదలకుండా ఆనించి కాలుస్తాడు. అలాంటి చోట ఆ బరువు భారం కాదు, మేలే. కానీ అలాంటి చోట కాయో గింజో మిగిలి ఉండదు కాబట్టి పంది రావడం కూడా తక్కువే!

మన ఆయుధ కర్మాగారాల్లో తయారయ్యే .315 స్పోర్టింగ్ రైఫిల్ మామూలు బ్యారెల్‌దే. పందికి దాని శక్తి సరిపోతుంది. .22 రైఫిల్ ఎంత లావు గొట్టం ఉన్నా పంది మీద వాడకూడదు, గాయపరచి వదలడమే అవుతుంది. ముప్పై మీటర్ల లోపే కాల్చే చోట 12 బోరు తుపాకీలో ఎల్.జి. తూటా పనిచేస్తుంది. గుండు ఎక్కువ దూరం పోదు కాబట్టి ఇళ్లు దగ్గరున్న చోట రైఫిల్ కన్నా అదే మేలు.

ఉన్న రైఫిల్‌ను ముందు పరీక్షించండి

గొట్టం మార్చాలనుకునే ముందు ఈ పని చేయండి. రేంజిలో 50 మీటర్ల దూరంలో కాగితం పెట్టి, చల్లని గొట్టంతో ఒక్క గుండు కాల్చండి. కాగితం తీసి దాచండి. ఇలా వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయండి. మూడు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెడితే రంధ్రాలు అరచేతి లోపల ఉండాలి. ఉంటే మీ రైఫిల్‌కు ఏ లోపమూ లేదు. లేకపోతే ముందు టెలిస్కోపు మరలు, తర్వాత కర్ర చూడండి. వానాకాలంలో కర్ర తేమ పీల్చి ఉబ్బి, ఒక పక్క గొట్టాన్ని నెడుతుంది. సన్న గొట్టం ఆ ఒత్తిడికి ఎక్కువ లొంగుతుంది. గొట్టానికి, కర్రకు మధ్య కాగితం ముక్క జరిపి చూస్తే ఎక్కడ ఆనుతోందో తెలుస్తుంది. కొన్ని రైఫిళ్లలో తయారీదారే కావాలని ఆనిస్తాడు కాబట్టి మీరే ఉలి పట్టకండి, లైసెన్సున్న తుపాకుల మరమ్మతుదారుకు చూపించండి. చాలాసార్లు కొత్త గొట్టం ఖర్చు ఇక్కడే తప్పుతుంది.

గుండు ఎక్కడ ఆగుతుంది?

గొట్టం కన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. రైఫిల్ గుండు తగలాల్సినచోట తగలకపోతే మూడు కిలోమీటర్లకు పైగా వెళ్లగలదు. మన చేలల్లో బావి దగ్గర ఎవరో ఒకరు పడుకుని ఉంటారు, మోటారు వేయడానికి ఎవరో వస్తుంటారు. కాబట్టి మంచె మీద నుంచి కిందికి కాల్చాలి, తప్పినా గుండు నేలలోకి పోతుంది. లేదా పంది వెనక చెరువు కట్టో, గుట్టో ఉండాలి. మొక్కజొన్న చేను అడ్డం కాదు, కదిలే ఆకుల వైపు ఎప్పుడూ కాల్చకండి. ముందురోజే చుట్టుపక్కల రైతులందరికీ చెప్పండి, దండోరా వేయించినా మంచిదే. పంది పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందు కాలి వెనక, ఒంటి కింది మూడో వంతులో గురి పెట్టాలి. రాత్రి వేళ, దీపాల వాడకం గురించి అనుమతి పత్రంలో ఏం రాశారో ముందే చదువుకోండి.

తుపాకీ లేని రైతులకు

పందులకు కరెంటు తీగ మాత్రం పెట్టకండి. స్తంభం నుంచి నేరుగా లాగిన తీగ తగిలి చనిపోతున్నది పందులు మాత్రమే కాదు, నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనుషులు. మా పక్క ఊళ్లో తండ్రి పెట్టిన తీగకు కొడుకే బలయ్యాడు. ఆ ఇంటికి నేను పంట నష్టం రాయడానికి వెళ్లాల్సినవాణ్ణి, పరామర్శకు వెళ్లాను. సోలార్ కంచె వేరు, అందులో కరెంటు క్షణకాలం చొప్పున ఆగి ఆగి వస్తుంది, షాక్ కొట్టి తరుముతుంది, చంపదు. ఆ పరికరాన్ని తీసేసి తీగను లైనుకు కలిపితే మళ్లీ అదే ప్రమాదం. నాటు బాంబులు కూడా అంతే, పశువుల నోళ్లు పగిలిపోతాయి.

వేరుశనగ చుట్టూ నాలుగు వరుసల కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేసుకోండి. కుసుమ ముళ్లకు పంది వెనక్కి తగ్గుతుంది. పంటకు అడుగు దూరంలో నేలకు దగ్గరగా ముళ్లతీగ కట్టినా పనిచేస్తుంది. ఇదివరకు గుళికల సంచులు కట్టమని మేమే చెప్పేవాళ్లం. ఫోరేట్‌ను 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు, ఇంట్లో పాతది మిగిలి ఉన్నా వాడకండి.

పంట నష్టం జరిగిన రోజే, తొక్కిన మొక్కలు, అడుగుజాడలు కనబడేలా ఫోటోలు తీసి, సర్వే నంబరుతో మీ వ్యవసాయ విస్తరణ అధికారికి, అటవీ బీట్ ఆఫీసర్‌కు దరఖాస్తు ఇవ్వండి. వాన పడితే జాడలు పోతాయి. పరిహారానికీ, పందుల నివారణ అనుమతికీ ఆ కాగితమే ఆధారం. దాని నకలు మీద అందినట్లు సంతకం తప్పక తీసుకోండి.