కొత్తబట్ట తీర్చవలసిన బాకీ

కొత్త చీరకు ఫాల్ కుట్టేవారు ఒక నియమం పాటిస్తారు. ఫాల్ గుడ్డను ముందుగా నీళ్ళలో నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేసి, ఆ తరువాతనే చీరకు జతచేస్తారు. రవికె లోపలి లైనింగు గుడ్డకూ ఇదే పద్ధతి. ఈ జాగ్రత్త తీసుకోకపోతే మొదటి ఉతుకులోనే ఫాల్ కుదించుకుపోయి, చీర అంచును లాగి ముడతలు పెడుతుంది. నూలుబట్టను ఇంటిలోనే, తెలిసి, కావాలని కుదించడమనే పాతవిద్యకు మన ఇళ్ళలో మిగిలిన ఆనవాలు ఇది. ఈ చిన్న పనికి వెనుక పెద్ద చరిత్రే ఉన్నది.

తర్కసంగ్రహం చదివినవారికి పటము, తంతువు అనే మాటలు చిరపరిచితాలు. కుండ తరువాత మన తార్కికులు తరచుగా పట్టుకున్న ఉదాహరణ బట్టయే. దారాలు బట్టకు సమవాయికారణమన్నారు. కర్మలు ఐదని చెప్పి, వానిలో ఆకుంచనాన్నీ ప్రసారణాన్నీ పక్కపక్కనే నిలిపారు. ముడుచుకొనడం ఆకుంచనం, చాచుకొనడం ప్రసారణం. బట్ట జీవితంలో ఈ రెండూ ఉన్నాయి. మగ్గం మీద జరిగేది ప్రసారణం, నీటిలో జరిగేది ఆకుంచనం. మొదటిది అప్పు, రెండవది ఆ అప్పు తీర్చడం.

ఎలాగంటే, నేతకు ముందు పడుగును వీధి పొడుగునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. మగ్గానికి ఎక్కించిన తరువాత నేత పూర్తయ్యేదాకా అది బిగువుగానే ఉండాలి. పడుగు సడలితే నేత సాగదు. అలా లాగి పట్టిన దారం గంజి బలంతో ఆ పొడుగులోనే నిలిచిపోతుంది. బట్ట నీటిలో మునిగినప్పుడు గంజి కరుగుతుంది, బిగువు సడలుతుంది, దారం తన సహజమైన పొడుగుకు తిరిగి వస్తుంది. దీనికి తోడు మరొకటి జరుగుతుంది. నీరు పీల్చిన పత్తి పోగు పొడుగు పెరగడం బహుస్వల్పం, లావు పెరగడం చాలా ఎక్కువ. పేక దారాలు లావెక్కితే, వాటిని చుట్టి పైకీ కిందికీ పోయే పడుగు దారానికి ఎక్కువ దూరం నడవవలసి వస్తుంది. దారం పెరగదు కనుక బట్టే దగ్గరకు వస్తుంది. అందువల్లనే నూలుబట్ట సాధారణంగా వెడల్పులోకన్న పొడుగులో ఎక్కువ కుదించుకుంటుంది.

ఇదంతా శాస్త్రం పేరు తెలియకుండానే మన పెద్దలకు తెలుసు. కోరాగుడ్డ కొంటే కాస్త ఎక్కువ కొనేవారు. రాత్రి నీళ్ళలో నానబెట్టి, మరునాడు ఆరవేసి, అప్పుడు దర్జీకి ఇచ్చేవారు. తెలిసిన దర్జీ అయితే తడపని గుడ్డకు కత్తెర పెట్టడానికి వెనుకాడేవాడు. బట్ట తన బాకీ తీర్చిన తరువాతనే కత్తిరించాలి, ముందు కత్తిరిస్తే ఆ బాకీ మనిషి ఒంటి మీద తీరుతుంది. సంవత్సరానికి ఒకటే జత కొనగలిగిన ఇంటిలో పిల్లవాని చొక్కా మొదటి ఉతుకుకే బొడ్డు పైకి వస్తే అది నవ్వులాట కాదు, ఏడాది పొడుగునా అనుభవించవలసిన నష్టం. గజాల లెక్కన కొన్న బట్టలో పదోవంతు నీటిలో పోతే, డబ్బులో పదోవంతు పోయినట్లే.

మిల్లుబట్ట వచ్చాక ఈ నష్టం పెరిగింది. పందొమ్మిదవ శతాబ్దం ఉత్తరార్ధంలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు మన దేశానికి పంపిన బట్టలలో కొన్నింటికి గంజితో పాటు చీనామట్టిని దట్టంగా పట్టించేవారు. అంగడిలో బట్ట బరువుగా, దిట్టంగా కనిపించేది. మొదటి ఉతుకులో మట్టి పోయి పలచబడేది. ఇంటిలో ముందుగా నానబెట్టడం ఆ రోజులలో కొలతకే కాదు, కొనుగోలుకు కూడ పరీక్ష.

ఆ లాంకషైర్‌లోనే జాన్ మెర్సర్ (1791–1866) అనే రసాయనజ్ఞుడు ఉండేవాడు. చిన్ననాట నేతపనిలో పెరిగి, స్వయంకృషితో రసాయనశాస్త్రం నేర్చినవాడు. 1844లో ఘాటైన కాస్టిక్ సోడా ద్రావణాన్ని నూలుగుడ్డతో వడగట్టినప్పుడు, ఆ గుడ్డ ముడుచుకొని, దళసరియై, గట్టిపడడం గమనించాడు. అలా కుదించిన బట్ట రంగును కూడ బాగా పీల్చుకున్నది. 1850లో దానికి పేటెంట్ పొందాడు. కాని వ్యాపారులు ఆదరించలేదు. సోడా ఖరీదెక్కువ, పైగా బట్ట కొలత తగ్గిపోతుంది. గజాలు అమ్ముకొనేవానికి గజాలు తగ్గించే విద్య ఎందుకు రుచిస్తుంది? 1890 ప్రాంతంలో హొరేస్ లో అనే మరొకరు బట్టను ముడుచుకోనీయకుండా లాగి పట్టి అదే ద్రావణంలో ముంచగా పట్టువంటి మెరుపు వచ్చింది. అప్పుడుగాని మెర్సర్ పేరిట ‘మెర్సరైజ్డ్’ నూలు లోకమంతటా వ్యాపించలేదు. ఆయన చేసినది కుదింపు. లోకం మెచ్చినది కుదించకుండా ఆపిన రూపం.

తరువాతి మలుపు అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో వచ్చింది. అక్కడి క్లూయెట్ పీబాడీ సంస్థ ‘యారో’ పేరుతో విడి కాలర్లు అమ్మేది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత కాలర్ కలిపి కుట్టిన చొక్కాలకు గిరాకీ పెరిగింది. విడి కాలరయితే బిగిస్తే మార్చుకోవచ్చు. చొక్కాతో కలిసిన కాలర్ ఉతికిన తరువాత మెడకు బిగిస్తే మొత్తం చొక్కాయే పనికిరాదు. ఆ సంస్థలోని శాన్‌ఫర్డ్ క్లూయెట్ (1874–1968) ఆలోచన సూటియైనది. మిల్లులో ప్రతి యంత్రమూ బట్టను ముందుకు లాగుతున్నది, కనుక చివర ఒక యంత్రం దానిని వెనుకకు నెట్టాలి. ముందుగా ఒక ముక్కను ఉతికి ఎంత కుదించుకుంటుందో కొలిచేవారు. తరువాత తడిబట్టను సాగే దళసరి పట్టీమీద పరచి, ఆ పట్టీ సాగి తిరిగి ముడుచుకొనేటప్పుడు దానితోపాటు బట్టను కూడ అంతే మేరకు ముడిచేవారు. ఈ పద్ధతికి పేటెంట్ వచ్చింది. ఆయన పేరిట వెలసిన ‘శాన్‌ఫరైజ్డ్’ ముద్ర మన మిల్లుబట్టలకు కూడ ఎక్కింది. ఆ ముద్ర ఉన్న గుడ్డ ఆపైన నూటికి ఒక పాలుకు మించి కుదించుకోదని హామీ. ఇంటిలోని నీళ్ళబిందె చేసే పనిని యంత్రం తీసుకున్నది.

అయినా కావాలని కుదించుకొనేవారు ఆ దేశంలోనే మిగిలారు. జేకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ 1873లో రాగి రివెట్ల పంట్లాములకు పేటెంట్ పొందిన సంగతి తెలిసినదే. ఆ వంశంలోని 501 రకం జీన్స్‌ను ముందుగా కుదించని గుడ్డతో చేసి అమ్మేవారు. కొనేవారు తమ కొలతకన్న పెద్దది తీసుకొని, వేడినీళ్ళలో నానబెట్టి, కొందరు ఒంటి మీదనే తడిపి ఆరబెట్టుకొని, తమ శరీరానికి సరిగా అతికేటట్లు చేసుకొనేవారు. కుదింపు అక్కడ లోపం కాలేదు, కొలత తీసుకొనే దర్జీ అయింది.

ఇప్పుడు వదులైన చొక్కాను ఇంటిలో కుదించాలనుకొనేవారికి ఈ చరిత్ర చెప్పే మాట ఒకటి. బాకీ ఉన్న బట్టే బాకీ తీరుస్తుంది. యంత్రం ముందే కుదించిన గుడ్డను ఎంత మరిగించినా చెప్పుకోదగిన మార్పు రాదు, రంగు మాత్రం దిగుతుంది. బనియను వంటి అల్లిక గుడ్డలు వేడికీ, తడిలోని కదలికకూ ఎక్కువ ముడుచుకుంటాయి, అందులోనూ ఎంత ముడుచుకోవాలో మన అదుపులో ఉండదు. కుట్టక ముందు చేసేది విద్య, కుట్టిన తరువాత చేసేది అదృష్టపరీక్ష.

ఇక్కడ మన చేనేత విషయం మనవి చేయాలి. చేనేత గుడ్డ చాలావరకు ఆ యంత్రం ముఖం చూడదు. మగ్గం నుండి దిగి మన చేతికి వస్తుంది, దాని బాకీ దానితోనే ఉంటుంది. మంగళగిరి గుడ్డతో చొక్కా కుట్టించుకొని, ఉతికాక బిగిసిందని, ‘చేనేత ఇంతే’ అని పెదవి విరిచేవారు కనిపిస్తున్నారు. ఆ మాట నేతగాని పనితనానికి మచ్చ తెస్తున్నది. కాని నేతగాడు తప్పు చేయలేదు. పడుగును బిగించకుండా ఏ మగ్గమూ నడవదు. నేతలో చివరి మెట్టు కొన్నవాని ఇంటిలో జరిగేది, శాన్‌ఫరైజ్డ్ ముద్రకు అలవాటుపడి ఆ మెట్టును మనం మరచిపోయాము.

కనుక చేనేత గుడ్డ కొనేటప్పుడు కొలతకన్న ఓ పదోవంతు ఎక్కువ తీసుకోండి. ఒక రాత్రి చన్నీళ్ళలో నాననిచ్చి, గట్టిగా పిండకుండా నీడన ఆరవేసి, ఆ తరువాత దర్జీకి ఇవ్వండి. ఖర్చు ఒక బకెట్టు నీళ్ళు. దక్కేది ఒక చొక్కా, దానితోపాటు ఒక నేతగాని మాట.