బేగంపేట దోమలో కనిపించిన కణము

హైదరాబాదు నుండి విమానమెక్కువారు 2008 మార్చి వరకు బేగంపేటకు పోవుచుండిరి. నాటినుండి శంషాబాదుకు పోవుచున్నారు. బేగంపేటలోని ఆ పాత విమానాశ్రయమునకు చేరువలో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన పాత భవనమొకటి కలదు. దానికి సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టియున్నారు. సైనిక వైద్యుడైన రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు ఒక గుండ్రని కణమును చూచెను. మలేరియా వ్యాపించు మార్గము ఆ కణముతోనే బయటపడెను.

రాస్ పేరు చెప్పగానే అందరికిని దోమ జ్ఞాపకము వచ్చును. కాని ఆనాడు ఆయన పట్టుకొన్నది దోమను కాదు, కణమును. జంతుకణములో ఏమి ఉండవలెనో, ఏమి ఉండరాదో ఎరిగినవాడు కనుకనే ఆయన దానిని గుర్తింపగలిగెను. కణము లోపలి అమరికను తెలిసికొనుట వలన ప్రయోజనమేమి అని అడుగువారికి ఈ కథయే తగిన సమాధానము.

అప్పటికి కణమును గూర్చి తెలిసినదెంత? 1665లో ఇంగ్లండులో రాబర్టు హుక్ బెండు ముక్కలోని చిన్న చిన్న గదులను చూచి వానికి కణములని పేరు పెట్టెను. 1831లో రాబర్టు బ్రౌన్ మొక్కల కణములలో కేంద్రకమును గుర్తించెను. మొక్కలన్నియు కణములతో నిర్మితములని 1838లో ష్లైడెన్, జంతువులును అట్టివేయని 1839లో ష్వాన్ చాటిరి. ప్రతి కణము మరియొక కణము నుండియే పుట్టునని 1855లో విర్కో సిద్ధాంతీకరించెను. మొక్కల కణములకు దృఢమైన గోడ ఉండును. జంతుకణమునకు అట్టి గోడ లేదు. పలుచని పొర మాత్రమే హద్దు. ఆ పొర ఇంటి ద్వారపాలకుని వంటిది: కావలసినవానిని రానిచ్చును, అక్కరలేనివానిని వెలుపలికి పంపును. లోపల చిక్కని జీవపదార్థము, దాని నడుమ కేంద్రకము. అంతకుమించి నాటివారికి తెలిసినది స్వల్పము.

మలేరియా అను మాటకు చెడుగాలి అని అర్థము. గుంటల నుండి లేచు దుర్గంధమే జ్వరమునకు కారణమని చిరకాలము నమ్మిరి. 1880లో ఆల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తములో ఏకకణజీవిని చూచి, జ్వరకారణము ఇదియేయని ప్రకటించెను. ఈ జీవి ఎర్ర రక్తకణములలో చేరి పెరుగును. దానియందు బొగ్గువలె నల్లని రేణువులు కనబడును. ఆ రేణువులే దాని ఆనవాలు. అయితే ఒకరి రక్తము నుండి వేరొకరి రక్తములోనికి అది ఎట్లు పోవుచున్నది? దోమలకు ఇందులో పాత్ర ఉండవచ్చునని 1894లో లండనులో ప్యాట్రిక్ మాన్సన్ రాస్‌కు సూచించెను.

1895లో రాస్ సికింద్రాబాదు చేరెను. రోగుల రక్తము త్రాగిన దోమలను ఒక్కొక్కటిగా కోసి చూచెను. అవి చాలవరకు వేరు జాతులవగుటచే రెండు సంవత్సరములు శ్రమించినను ఫలము కానరాలేదు. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. పంకా వీచినచో దోమ ముక్కలు ఎగిరిపోవునని ఉక్కపోతలోనే పనిచేసెను. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలుగల క్రొత్తరకము దోమలు ఆయనకు దొరకెను. వానినే మనము అనాఫిలిస్ అందుము. హుసేన్ ఖాన్ అను రోగి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని వానిచే కుట్టించుకొనుటకు ఒప్పుకొనెను.

ఆగస్టు 20న ఆ దోమలలో ఒకదాని కడుపు గోడను రాస్ అంగుళమంగుళముగా గాలించినట్లు పరీక్షించెను. దోమ కడుపు కణములు ఎట్లుండునో ఆయనకు కంఠపాఠము. వాని నడుమ చక్కని గుండ్రని అంచుగల కణమొకటి కనబడెను. దాని వ్యాసము 12 మైక్రాన్లు. మిల్లీమీటరులో వేయవ వంతు ఒక మైక్రాను. దాని లోపల నల్లని రేణువులు! దోమ కడుపు కణములో అట్టివి ఉండరాదు. మరునాడు మరియొక దోమను కోయగా అవే కణములు మరింత పెద్దవై కనిపించెను. పెరుగుచున్నవి కనుక అవి జీవముగలవి. నల్లరేణువులున్నవి కనుక అవి మలేరియా జీవులు. ఈ విషయము ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడెను. 1898లో రాస్ కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో వ్యాపించునని నిరూపించెను. మనుష్యుల మలేరియాను అనాఫిలిస్ వ్యాపింపజేయునని ఇటలీలో గ్రాసీ మొదలగువారు స్థిరపరచిరి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించెను.

ఇంతకును ఆ నల్లరేణువులు ఎక్కడివి? మలేరియా జీవి ఎర్ర రక్తకణములోని హిమోగ్లోబిన్‌ను తన ఆహార రిక్తికలోనికి తీసికొని జీర్ణించుకొనును. రిక్తిక యనగా పొరతో కప్పబడిన సంచి. హిమోగ్లోబిన్‌లోని ఇనుముతో కూడిన భాగము ఆ జీవికి విషము. దానిని అది నల్లని స్ఫటికములుగా మార్చి ప్రక్కకు నెట్టును. రాస్ చూచినది ఈ వంటింటి మసియే.

కణము లోపలి తక్కిన గదులు ఆ రోజులలోనే తెరువబడుట విశేషము. మలేరియా జ్వరము వచ్చి పోవు క్రమమును పరిశీలించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్జీయే 1898లో గుడ్లగూబ మెదడు కణములో వలవంటి అంగమును కనుగొనెను. అది నేటికిని ఆయన పేరుననే పిలువబడుచున్నది. మాంసకృత్తులను సవరించి, మూటగట్టి, తగిన చోటికి పంపుట దాని పని. అదే సంవత్సరము జర్మనీలో బెండా మైటోకాండ్రియాకు పేరు పెట్టెను. వెలుతురుతో పనిచేయు సూక్ష్మదర్శిని మైక్రానులో అయిదవ వంతుకంటె దగ్గరగా నున్న బిందువులను విడదీసి చూపలేదు. 1931లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పుట్టిన తరువాతనే మిగిలిన అంగములు స్పష్టపడెను. మాంసకృత్తులను తయారుచేయు రైబోసోములను పలాడె, పాతపదార్థములను జీర్ణించు లైసోసోములను డి డువ్ 1955లో వర్ణించిరి. మైటోకాండ్రియా ఆహారమునుండి శక్తిని తీసి ఎ.టి.పి. అను పదార్థముగా నిలువచేయును. 1929లో ఫిస్కేతో కలిసి ఈ ఎ.టి.పి.ని కండరములలో గుర్తించినవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఈ గదుల జ్ఞానము ఇప్పుడు మందుల జ్ఞానమైనది. క్లోరోక్విన్ మలేరియా జీవి ఆహార రిక్తికలో చేరి విషము స్ఫటికము కాకుండ అడ్డుపడును. తన విషమునకు తానే ఆ జీవి చచ్చును. కాని ఆ రిక్తిక పొరలోని ఒక మాంసకృత్తు మారగా, మందును బయటికి నెట్టు జీవులు బయలుదేరెను. అటోవాక్వోన్ అను మందు మైటోకాండ్రియాను దెబ్బకొట్టును. పచ్చని మొక్కల హరితరేణువులకు బంధువైన ఒక వింత అంగము ఈ జీవిలో కలదని 1990 దశకములో తేలెను. మన కణములలో అట్టిది లేదు. డాక్సీసైక్లిన్ ముఖ్యముగా దానినే అడ్డగించును. శత్రువు ఇంటిలో ఏ గది ఎక్కడున్నదో తెలిసినకొద్దీ, మన ఇంటికి నష్టము లేకుండ దానిని కొట్టుట సులభమగును.

విమానాశ్రయము శంషాబాదుకు మారినను దోమతో తగవు తీరలేదు. దోమలు విమానములలో దేశములు దాటగలవు. మలేరియా లేని ఐరోపా దేశములలోను విమానాశ్రయముల చెంత నివసించువారికి ఆ జ్వరము వచ్చిన సందర్భములున్నవి. అందుచేతనే 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ప్రయాణికులు, విమానములు, సరకులు మసలు చోట్ల చుట్టు కనీసము 400 మీటర్ల మేర రోగవాహక కీటకములను అదుపులో నుంచు ఏర్పాటు ఉండవలెనని విధించినవి. ఆ 400 మీటర్ల కట్టుబాటుకు మూలము వెదకినచో, బేగంపేటలో కనిపించిన 12 మైక్రాన్ల కణము కూడ అందు కనబడును. శంషాబాదు వాసులైనను, మరి ఏ ఊరివారైనను, ఇంటి తొట్టిపై మూత వేసి, నిలువ నీటిని పారబోయుట ఆ కణము నేర్పిన పాఠమును ఆచరించుటయే.