వీసా గడువు దాటి ఉండి వచ్చారా? భార్య లేదా భర్త స్పాన్సర్ చేస్తే అమెరికా తలుపు తెరుచుకుంటుందా?

అమెరికా మోటల్ వ్యాపారంలో స్థిరపడిన పటేళ్లలో చాలామంది మూలాలు సూరత్, నవసారి చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నాయి. అదే సూరత్‌లోని లింబాయత్ వంటి ప్రాంతాల్లో మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇలాంటి నగరంలో దంపతుల్లో ఒకరు అమెరికాలో, మరొకరు ఇక్కడ ఉండటం వింతేమీ కాదు. ఇక్కడున్నవారు గతంలో అమెరికాలో గడువు దాటి ఉండి వచ్చినవారైతే మాత్రం పెళ్లి ఒక్కటే సరిపోదు.

గడువు ఎలా లెక్కిస్తారు?

పాస్‌పోర్టుపై ఉన్న వీసా తేదీని కాదు, ఐ-94 రికార్డులోని తేదీని చూస్తారు. అది దాటిన మర్నాటి నుంచి అక్రమ నివాసం లెక్కలోకి వస్తుంది. 18 ఏళ్లు నిండకముందు గడిపిన రోజులను లెక్కించరు. నిర్దిష్ట తేదీ లేకుండా ప్రవేశించిన విద్యార్థులకు చదువు మానేసినంత మాత్రాన ఈ లెక్క మొదలుకాదు. అధికారులు లేదా ఇమిగ్రేషన్ జడ్జి ఉల్లంఘన జరిగిందని తేల్చాకే మొదలవుతుంది.

మూడేళ్లా, పదేళ్లా?

1996లో చేసిన చట్టం ప్రకారం 180 రోజులు దాటి, ఏడాదిలోపు అక్రమంగా ఉండి దేశం వదిలితే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉంటే పదేళ్లు నిషేధం. ఈ లెక్క 1997 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది.

అసలు మెలిక ఏమిటంటే, నిషేధం అమలయ్యేది దేశం వదిలినప్పుడే. చట్టబద్ధంగా ప్రవేశించి, తర్వాత గడువు దాటిన వ్యక్తిని అమెరికా పౌరులు పెళ్లాడితే, సాధారణంగా అక్కడ ఉంటూనే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అదే వ్యక్తి ముందస్తు ప్రయాణ అనుమతి లేకుండా, తండ్రి అంత్యక్రియల కోసం సూరత్ వచ్చినా నిషేధం మీద పడుతుంది. గ్రీన్‌కార్డుదారుల భార్యలు, భర్తలకు ఈ వెసులుబాటు సాధారణంగా లేదు.

సూరత్ నుంచి ఎలా?

అమెరికాలోని భాగస్వామి ముందుగా ఐ-130 పిటిషన్ వేయాలి. దాని ఆమోదం వివాహ బంధాన్ని గుర్తిస్తుందే తప్ప పాత ఉల్లంఘనను చెరిపివేయదు. తర్వాత ఫీజులు, పత్రాలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తాయి. పాస్‌పోర్టు కార్యాలయం నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకోవాలి. సూరత్‌వాసులకు ఇంటర్వ్యూ ముంబయి కాన్సులేట్‌లో జరుగుతుంది.

నిషేధ కాలం అప్పటికే పూర్తయి ఉంటే, ఆ కారణంగా మినహాయింపు అక్కర్లేదు. పూర్తికాకపోతే, అధికారి అనర్హత తేల్చిన తర్వాత ఐ-601 దాఖలు చేయాలి. పౌరులు లేదా గ్రీన్‌కార్డుదారులైన భార్య, భర్త, తల్లి, తండ్రిలో ఎవరికైనా ‘తీవ్రమైన కష్టం’ కలుగుతుందని నిరూపించాలి. ఎడబాటు బాధ ఒక్కటే చాలదు. జబ్బులు, అప్పులు, వృద్ధుల సంరక్షణ, భారత్‌కు మారితే ఎదురయ్యే ఇబ్బందులను పత్రాలతో చూపాలి. పిల్లల కష్టాన్ని నేరుగా లెక్కలోకి తీసుకోరు. అది భాగస్వామిపై పడే భారంగా చూపవచ్చు. ముందస్తు మినహాయింపు ఇచ్చే ఐ-601ఎ అమెరికాలో ఉన్నవారికే.

దాచిపెడితే?

పదేళ్ల నిషేధానికి ముగింపు ఉంది. వీసా కోసం ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పినట్టు తేలితే పడే నిషేధం జీవితకాలానిది, దానికి వేరే మినహాయింపు తెచ్చుకోవాలి. అందుకే దరఖాస్తుకు ముందే పాత పాస్‌పోర్టులు, ఐ-94, విమాన టికెట్లు దగ్గర పెట్టుకుని ఎన్ని రోజులు ఎక్కువ ఉన్నారో, ఏ రోజు బయటపడ్డారో లెక్క తేల్చుకోవాలి. ఆ తర్వాతే ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలిసి ఫారం నింపడం మేలు.