కోళ్లను కాసిన కుక్కే దీవిని కాచింది

2005. ఆస్ట్రేలియా దక్షిణ తీరం, వార్నంబూల్ పట్టణం.

చీకట్లో సముద్రం వెనక్కి తగ్గింది. ఒడ్డుకూ మిడిల్ ఐలండ్ అనే చిన్న దీవికీ నడుమ ఉన్న సన్నటి పాయలో ఇసుక మేట బయటపడింది. ఎర్ర నక్క పాదాలు తడుపుకుంటూ దాన్ని దాటేసింది.

అవతల చిన్న పెంగ్విన్లు. ప్రపంచంలోని పెంగ్విన్లన్నిట్లోకీ పొట్టివి. ఎత్తు అడుగుకు కాస్త ఎక్కువ, బరువు కిలో. పగలంతా సముద్రంలో చేపలు వేటాడి, పొద్దుగూకాక గుంపులుగా ఒడ్డెక్కి బొరియలకు చేరుకుంటాయి. నీళ్లలో వాటిని అందుకోవడం కష్టం. నేల మీద మాత్రం ఎగరలేవు, పరుగెత్తి తప్పించుకోలేవు.

తెల్లారేసరికి దీవి నిండా కళేబరాలు. రెండు రాత్రుల్లో సుమారు 360 పక్షులు పోయాయి. తినడానికే చంపి ఉంటే ఇన్ని చావవు.

నాలుగు కోళ్లు పెంచుకునే ఏ ఇంటికైనా ఈ సంగతి తెలుసు. గూట్లో దూరిన నక్క ఒక్క కోడిని నోట కరుచుకుని పోదు. రెక్కలు కొట్టుకునేవి కళ్ల ముందు ఉన్నంతసేపూ చంపుతూనే ఉంటుంది. అడవిలో అయితే ఒకటి చిక్కేలోపు మిగతావి పారిపోతాయి, వేట అంతటితో ముగుస్తుంది. గూట్లో పారిపోయే దారి లేదు. ఆ దీవి మీదా లేదు.

ఆ నక్కలు అక్కడి జంతువులు కావు. 19వ శతాబ్దంలో వేట సరదా కోసం ఇంగ్లిష్ వలసదారులు ఓడల్లో తెచ్చి వదిలినవి. నక్క అంటే ఏమిటో ఎరగని పెంగ్విన్లకు తప్పించుకునే ఉపాయమూ తెలియదు. ఒకప్పుడు నీళ్లే వాటికి కోట. పాయలో ఇసుక మేట వేసేకొద్దీ ఆ కోటకు దారి పడింది. వందల్లో ఉన్న పెంగ్విన్లు ఆ ఏడాదికి పదిలోపుకు పడిపోయాయి.

పక్కింటి కుక్క చెప్పిన పాఠం

అదే ఊరి శివార్లలో అలన్ మార్ష్ అనే రైతు ఆరుబయట కోళ్లు పెంచి గుడ్లు అమ్మేవాడు. ఊళ్లో అందరికీ ఆయన ‘స్వాంపీ’. ఆయన శత్రువూ నక్కే. రాత్రిళ్లు తుపాకీ పట్టుకుని కాపు కాసేవాడు. నిద్ర పాడయ్యేది, నక్కలు మాత్రం తగ్గేవి కావు. ఒకదాన్ని కొడితే ఖాళీ అయిన ఆ జాగాలోకి ఇంకొకటి వచ్చేది.

దానికితోడు పక్కింటి కుక్క రాత్రంతా ఒకటే మొరుగుడు. ఆయన దాన్ని తిట్టుకునేవాడు. తర్వాత ఒకనాడు తట్టింది: తాను దేని కోసం తుపాకీ గురిపెట్టి కూర్చున్నాడో, కుక్క మొరిగేదీ దాన్ని చూసే!

అలా ఆయన పొలంలోకి మరెమ్మా జాతి కుక్కలు వచ్చాయి.

ఇటలీ కొండల్లో గొర్రెల మందల్ని తోడేళ్ల బారి నుంచి కాచేందుకు శతాబ్దాలుగా పెంచుతున్న తెల్లటి, ఒత్తు బొచ్చు కుక్కలివి. మందను తోలే కుక్క వేరు, మందను కాసే కుక్క వేరు. తోలే కుక్క కాపరి ఈల కోసం చూస్తుంది. కాసే కుక్కకు ఎవరూ చెప్పక్కర్లేదు, మందే దాని కుటుంబం. ఎనిమిది వారాల పిల్లప్పుడే గొర్రెల మధ్య వదిలితే గొర్రెల్ని, కోళ్ల మధ్య వదిలితే కోళ్లను తనవాళ్లనుకుంటుంది. అయితే ఆ బుద్ధి ఒక్క రోజులో రాదు. కుర్రతనంలో ఆటకని కోడిని తరిమి చంపేసే కుక్కలూ ఉంటాయి. యజమాని కనిపెట్టుకుని ఉండి, తప్పు చేసినప్పుడల్లా గదమాయించాలి. నమ్మి వదలడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది.

ఎదిగాక దాని పని చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. పగలు నీడన పడుకుంటుంది. చీకటి పడ్డాక హద్దుల వెంట తిరుగుతుంది. అక్కడక్కడా మూత్రం పోసి వాసన వదులుతుంది. అలికిడైతే మొరుగుతుంది. నక్క ఎదురుపడితే దానికీ కోళ్లకీ మధ్య నిలబడుతుంది. దూరం తరిమి మందను ఒంటరిగా వదిలెయ్యదు. ఈ జాగాకు యజమాని ఉన్నాడని నక్కకు అర్థమైతే చాలు, సులువైన తిండి వెతుక్కుంటూ మరో దిక్కుకు పోతుంది.

‘అక్కడ కుక్కల్ని వదలడమా?’

మార్ష్ దగ్గర పనిచేసిన విద్యార్థి డేవ్ విలియమ్స్‌కు రెండు కష్టాలూ ఒకటేనని అనిపించింది. కోడికి పనికొచ్చిన కాపలా పెంగ్విన్‌కు ఎందుకు పనికిరాదు? రెండూ పక్షులే, శత్రువూ ఒకటే. మార్ష్ మాటా అదే.

వినగానే భయపడాల్సిన ఆలోచనే ఇది. ఆస్ట్రేలియా తీరాల్లో పెంగ్విన్లను చంపే జంతువుల్లో కుక్కలూ ఉన్నాయి. కానీ మిగిలినవి పదిలోపే. ఇంకా ఆలోచిస్తూ కూర్చుంటే కాపాడటానికి ఏమీ మిగలదు.

2006లో ప్రయోగానికి అనుమతి దొరికింది. మార్ష్ కోళ్లను కాసిన ఆడ్‌బాల్ అనే ఆడకుక్క దీవి మీద కాలు పెట్టింది. పెంగ్విన్ల జోలికి పోలేదు. దాని వాసన, దాని మొరుగుడు ఉన్నన్నాళ్లూ నక్కలు పాయ దాటలేదు. చిక్కల్లా ఒకటే. కోళ్ల మధ్య పెరిగిన కుక్కకు దీవి మీద దిగులు పట్టుకుంది. కొన్నాళ్లకే దీవి దిగి ఇంటిదారి పట్టింది.

ఆడ్‌బాల్ వెళ్లినా ఆలోచన నిలిచింది. దాని వెనక వేరే మరెమ్మాలు వచ్చాయి. చిన్న పెంగ్విన్ల శాస్త్రీయనామంలోని యూడిప్టులా అనే మాటను రెండుగా విరిచి, యూడీ, టులా అని పేర్లు పెట్టిన అక్కచెల్లెళ్లు ఏళ్ల తరబడి ఆ దీవిని కాచాయి. నక్కల దాడులు ఆగిపోయాయి. పెంగ్విన్ల సంఖ్య మళ్లీ వంద దాటి రెండు వందల దరిదాపుకు చేరింది. 2015లో ‘ఆడ్‌బాల్’ పేరుతో సినిమా వచ్చింది.

సినిమా కథ సుఖాంతమే. దీవి కథ మాత్రం అక్కడితో ఆగలేదు.

2017లో సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో కుక్కల్ని దీవికి చేర్చడం కుదరలేదు. నక్క మాత్రం దాటింది. సుమారు 140 పెంగ్విన్లు చనిపోయాయి.

అన్నేళ్లూ కుక్కలు ఏం చేశాయో ఆ దెబ్బతో తేలిపోయింది. తుపాకీ పట్టినవాడు ఇన్ని నక్కల్ని కొట్టానని చెప్పుకోగలడు. కాపలా కుక్కకు చూపించుకోవడానికి అలాంటి లెక్కేమీ ఉండదు, జరగని దాడుల్ని ఎవరు లెక్కపెడతారు? అందుకే పెరట్లో కోళ్ల కోసం కుక్కను తెచ్చుకునేవాళ్లు జాతి, ధర అడిగే ముందు ఆలోచించుకోవాల్సింది ఇంకొకటుంది. ఏ కారణంతోనైనా అది పెరట్లో లేని రాత్రి కోళ్లను ఎక్కడ మూసిపెడతాం? నక్క వచ్చేది ఆ రాత్రికే.