పన్నెండేళ్ల పెద్దమనిషి

మా కడప జిల్లాలో 'పెద్దమనిషి' అనే మాటకు రెండర్థాలు. పెన్న ఒడ్డునున్న చెన్నూరులో ఒక మగవాణ్ని పెద్దమనిషి అన్నారంటే, తల నెరిసినవాడని, పంచాయితీలో నలుగురూ ఆయన మాట వింటారని. ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే పన్నెండేళ్లకో పదమూడేళ్లకో సమర్తాడిందని. మగవాడికి నడివయసు దాటాక దక్కే బిరుదు ఆడపిల్లకు బడికెళ్లే వయసులోనే వచ్చిపడుతుంది. ఆ తర్వాత ఆమెను ఏ పంచాయితీకీ పెద్దమనిషిగా పిలిచిందీ లేదు. 1993లో 73వ రాజ్యాంగ సవరణ సర్పంచ్ పదవుల్లో మూడో వంతు మనకిచ్చాక కూడా చాలా ఊళ్లలో కుర్చీలో కూర్చునేది మొగుడే కదా!

ఎరిక్ ఎరిక్సన్ 1950లో 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ'లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. బి.ఇడి. చదివినవాళ్లందరూ బట్టీపట్టిన పాఠమే. కౌమారంలో 'నేనెవరు?' అన్నది తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఇంకొకరితో బతుకు పంచుకోవాలి అంటాడు. ఈ కొలత మగపిల్లవాడి ఎదుగుదలను బట్టి తయారైందని 1982లో కెరోల్ గిల్లిగన్ 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్'లో విమర్శించింది. ఆడవాళ్లలో ఆ రెండూ కలగలిసి సాగుతాయని ఆమె వాదన. అమెరికా ఆడపిల్లల సంగతి అలా ఉంచితే, మన అవ్వలకు ఆ ఐదో దశ రానే లేదు. బాల్యంలోంచి నేరుగా అత్తారింట్లోకి నడిచారు. మనుధర్మం మగవాడికి నాలుగు ఆశ్రమాలిచ్చి, స్త్రీకి తండ్రినీ భర్తనూ కొడుకునూ ఇచ్చింది. వాటిని దశలని ఎలా అంటాం?

ఆడపిల్ల బాల్యాన్ని చట్టం కూడా పిసినారిలా కొలిచి కొలిచి ఇచ్చింది. 1860 శిక్షాస్మృతిలో సమ్మతి వయసు 10 ఏళ్లు. 1891లో దాన్ని 12 చేస్తేనే మతంలో జోక్యమని తిలక్ వంటి నాయకులు మండిపడ్డారు. పెళ్లి వయసుకు 1929లో శారదా చట్టం 14 ఏళ్ల హద్దు పెట్టింది, 1949లో అది 15 అయింది, 1978లో 18.

ఈ చట్టాలకు ముందే, 1874లో పుట్టిన భండారు అచ్చమాంబకు పదో ఏట పెళ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో చదువు నేర్చి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి, ముప్పై ఏళ్లకే 1905లో కన్నుమూసింది. 'నేనెవరు?' అన్న ప్రశ్న ఆమెకు పెళ్లయ్యాక వచ్చింది. జవాబు వెతకడానికి ఇతర స్త్రీల చరిత్రల్లోకి వెళ్లింది. ఎరిక్సన్ వరసలో ఆమెను ఎక్కడ పెడదాం?

ఇక ఏడో దశ, తరువాతి తరాన్ని పెంచే వయసు. కడప జిల్లా నుంచి ఎందరో స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్లారు, ఇప్పటికీ వెళుతున్నారు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీ ముప్పై నిండకుండా ఆ పనికి పోకూడదని మన ప్రభుత్వం మరో హద్దు గీసింది. రక్షణ కోసమేనంటారు. మగ కూలీకి ఆ హద్దు లేదు. ముప్పై అంటే పిల్లలు బడికెళ్లే వయసు. తల్లి అక్కడ పరాయి పిల్లలకు నీళ్లు పోస్తుంటే, ఆమె పిల్లలు ఇక్కడ అవ్వ దగ్గర పెరుగుతారు.

ఎరిక్సన్ పోయాక అతని భార్య జోన్, తొంభై దాటిన వయసులో, తొమ్మిదో దశను చేర్చింది. అది 1997లో అచ్చయింది. ఒళ్లు సహకరించని వయసులో పాత సంఘర్షణలన్నీ మళ్లీ తలెత్తుతాయని తన అనుభవంలోంచే చెప్పింది. మన అవ్వకు అంత దూరం ఆలోచించే తీరికెక్కడిది? ఎనిమిదో దశలో తీరిగ్గా కూర్చుని గడిచిన బతుకును నెమరేసుకోవాల్సిన మనిషి, మనవడికి ముద్దలు కలిపి పెడుతూ మళ్లీ ఏడో దశలోనే ఉంది.