పెనుకొండ
పెనుకొండ, ఆంధ్రప్రదేశమున శ్రీ సత్యసాయి జిల్లాయందు, హిందూపురమునకు ఉత్తరమునను ధర్మవరమునకు దక్షిణమునను, సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తుగల గిరిదుర్గము పాదమున వెలసిన చారిత్రక పట్టణము. విజయనగర రాజ్యము నెలకొనిన తొలినాళ్లలోనే మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడగు వీరవిరూపణ్ణ పాలన క్రింద నుంచెను. 1565 జనవరి 23న రాక్షసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు నిహతుడు కాగా, ఆయన సోదరుడగు తిరుమల దేవరాయలు చక్రవర్తి సదాశివరాయలతోడను రాజకోశముతోడను హంపీని వీడి ఈ దుర్గము నాశ్రయించుటచే, అంతవరకు సామంత స్థానమైన యీ పట్టణము అరవీటి వంశపు రాజధానియై, శిథిలమైన సామ్రాజ్యమునకు మరల నిలువనీడ యయ్యెను. బిజాపురపు సేనలు పలుమారులు ముట్టడించినను 16వ శతాబ్ది అంతమువరకు దుర్గము లొంగలేదు. ఆ శతాబ్ది చివర రాజధాని చంద్రగిరికి మారెను.

కోటలోని గగనమహలు, దేవాలయ శిఖరమును తలపించు గోపురమును ఇస్లామీయ తోరణములను ఒకే కట్టడమున నిముడ్చుకొని, విజయనగర లౌకిక వాస్తువునకు మేలైన నిదర్శనముగ నిలిచియున్నది. సమీపమున రామాలయము, శివాలయము, పార్శ్వనాథ జినాలయము, షేర్‌ఖాన్ మసీదు గలవు. బాబా ఫకృద్దీన్ దర్గా బాబయ్య దర్గాయను పేర దూరప్రాంతములవారికిని యాత్రాస్థలము.

టిప్పు సుల్తాను పతనానంతరము ఈ ప్రాంతము నిజామునకు దక్కి, 1800లో దత్తమండలములలో భాగముగ ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. 1882లో ఏర్పడిన అనంతపురము జిల్లానుండి 2022 ఏప్రిల్ 4న ఇది నూతన జిల్లాలో చేరెను. మండలములోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి నారంభించెను.