ఊరు కదల్లేదు, జిల్లా మారింది

షాద్‌నగర్ ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే, ఎప్పటి సంగతి అని ఎదురు ప్రశ్న వెయ్యాలి. 2016 అక్టోబర్ 10 దాకా మహబూబ్‌నగర్, మర్నాడు దసరా నుంచి రంగారెడ్డి. అదే రోజు పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు, పాత నల్గొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు పుట్టాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. అంతకుముందు 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, 2014లో రాష్ట్రమే మారింది. ఊళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇదంతా ఎందుకంటే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఒక డిజైన్ మార్పుకి ఈ రెండు జిల్లాలకంటే మంచి టెస్ట్ కేస్ దొరకదు.

2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండ్‌లో మొదలుపెట్టిన ఈ మ్యాప్‌ని ఎవరైనా దిద్దొచ్చు. ఊరికో చుక్క, రోడ్డుకో గీత, వాటికి తగిలించే ట్యాగులు. తొలి రోజుల్లో ఊరు ఎక్కడుందో చెప్పడానికి 'ఈజ్ ఇన్' అనే ట్యాగు వాడేవాళ్ళు. అందులో జిల్లా, రాష్ట్రం, దేశం అన్నీ చేత్తో టైపు చెయ్యాలి. ఒకరు 'నల్గొండ' అంటే ఇంకొకరు 'నల్గొండ జిల్లా' అంటారు. డేటాబేసులతో కుస్తీ పట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఒకే సమాచారాన్ని వెయ్యి వరుసల్లో కాపీ కొట్టడమన్నమాట.

2007 అక్టోబర్‌లో 'రిలేషన్' అనే కొత్త నిర్మాణం వచ్చింది. జిల్లా చుట్టూ ఉన్న గీతలన్నిటినీ ఒక కట్టగా కట్టి, ఇదీ నల్గొండ సరిహద్దు అని చెప్పొచ్చు. ఇక చుక్క ఆ కంచె లోపల ఉందా బయట ఉందా అన్నది ప్రోగ్రామ్ లెక్కేసుకుంటుంది. 'ఈజ్ ఇన్' మెల్లగా మూలన పడింది.

ఇప్పుడు మళ్ళీ 2016కి రండి. పాత పద్ధతే ఉంటే కోదాడ, ఆలంపూర్, చౌటుప్పల్ చుట్టుపక్కల ఊరూరా తిరిగి ట్యాగులు దిద్దాలి. కొత్త పద్ధతిలో సరిహద్దు గీతలు సరిచేస్తే చాలు. కోదాడ చుక్కని ఎవరూ ముట్టుకోకుండానే అది సూర్యాపేట జిల్లాలోకి వచ్చేస్తుంది.

అలాగని బరువు మాయమైపోలేదు, చేతులు మారిందంతే. సరిహద్దు రిలేషన్లు దిద్దడం తెలిసినవాళ్ళు కొద్దిమందే. కొత్తవాళ్ళెవరో రోడ్డు సరిచేస్తూ పొరపాటున సరిహద్దులో ఒక ముక్క చెరిపేస్తే కంచె తెగుతుంది, వెతికితే జిల్లా దొరక్కపోవచ్చు. 'ఈజ్ ఇన్'లో తప్పు ఒక్క ఊరికే పరిమితం, ఇక్కడ జిల్లా మొత్తానికీ తగులుతుంది.

అయినా నా ఓటు దీనికే. దేవరకొండ వైపు ఒక తండాని ఆ తండావాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో, దాని పక్కనున్న కుంట పేరేమిటో ఉపగ్రహం చెప్పదు. అక్కడి మనిషే చెప్పాలి. 2018లో చాలా తండాలు సొంత పంచాయతీలయ్యాయి, రేపు ఇంకేదో మారుతుంది. ఆ పేరు తెలిసినవాడు పది నిమిషాలు తీరిక చేసుకుని వస్తే, ఆ పది నిమిషాలూ జిల్లా, రాష్ట్రం, దేశం టైపు చేయించి పంపిస్తే మళ్ళీ వస్తాడా?

మెషీన్ లెక్కేసుకోగలిగింది మనిషిని అడక్కూడదు. మన ఆఫీసుల్లో ఫారాలు తయారుచేసే వాళ్ళకి కూడా ఈ ముక్క ఎవరైనా చెబితే బావుణ్ణు.